ఓటు ముందొచ్చింది, వాటా వెనకబడింది

1917 చివర ఎడ్విన్ మాంటేగ్ మద్రాసు వచ్చాడు. భారత వ్యవహారాల మంత్రిగా, వైస్రాయి చెమ్స్‌ఫర్డ్‌తో కలిసి, రాబోయే రాజ్యాంగ సంస్కరణల మీద ఎవరేమంటారో వినడానికి దేశమంతా తిరుగుతున్నాడు. అంతకు కొన్ని నెలల ముందే అడయారులో ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పుట్టింది. దాన్ని మొదలుపెట్టినవారిలో ఒకరైన ఐరిష్ వనిత మార్గరెట్ కజిన్స్, ఆడపిల్లల చదువు గురించి విన్నవించుకోవాలి, సమయం ఇమ్మని దరఖాస్తు పెట్టారు. రాజకీయ విషయాలైతేనే వింటామని జవాబొచ్చింది. సరే, రాజకీయమే అడుగుదామనుకున్నారు. ఓటు అర్జీ తయారైంది. డిసెంబరులో సరోజినీ నాయుడు ముందు నిలబడగా మహిళల బృందం మంత్రిని కలిసి, ఓటర్లెవరో తేల్చేటప్పుడు ఆడవాళ్ళను కూడా ప్రజల్లో కలిపి లెక్కపెట్టమని కోరింది.

మన దేశంలో స్త్రీల ఓటు ఉద్యమం ఇలా దాదాపు ఒక గుమాస్తా జవాబుతో మొదలైంది. ఈ ముచ్చట ఎందుకు చెబుతున్నానంటే, స్త్రీల హక్కుల చరిత్ర గురించి మనకు వాడుకలో మూడు కథలున్నాయి. దయగల సంస్కర్తలు ఇప్పించారనేది ఒకటి. దొరసానులు వచ్చి నేర్పారనేది రెండోది. స్వాతంత్ర్యోద్యమం వెంట హక్కులు వాటంతటవే నడిచొచ్చాయనేది మూడోది. మూడింట్లోనూ కొంత నిజముంది, ఏదీ పూర్తిగా సరిపోదు. ఎవరు ఇప్పించారు అన్న ప్రశ్న కన్నా, ఏ హక్కు ఎంత తేలిగ్గా వచ్చింది, ఏది ఎన్నేళ్ళు ఏడిపించింది అని చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఓటుకు మద్రాసు శాసనమండలి నాలుగేళ్ళలో ఒప్పుకుంది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా రావడానికి తెలుగునేల మీద 1985 దాకా ఆగాల్సొచ్చింది.

వెనక్కి వెళ్ళి చూస్తే, చట్టం ముందు ఆడదాని మాట ఎంత చెల్లుతుందో దేశమంతటికీ చూపిన వ్యాజ్యం బొంబాయిలో నడిచింది. రఖ్మాబాయి సుతారి, అంటే వడ్రంగుల కులంలో పుట్టిన అమ్మాయి. పదకొండో ఏట దాదాజీ భికాజీకిచ్చి పెళ్ళి చేశారు. ఆమె కాపురానికి వెళ్ళలేదు. సవతి తండ్రి డాక్టర్ సఖారాం అర్జున్ ఇంట్లో ఉండి చదువుకున్నారు. కన్నతండ్రి తాలూకు ఆస్తి కూడా ఆమె పేరన ఉంది. ఈ చివరి మాట గుర్తుంచుకోవాలి. 1884లో దాదాజీ నా భార్యను నాకు అప్పగించండి అని హైకోర్టుకెక్కాడు. మరుసటి ఏడు జస్టిస్ పిన్హే దావా కొట్టేశాడు. ఆయన చూపిన కారణం ఆసక్తికరం: కాపురానికి రమ్మని కోర్టు ద్వారా బలవంతపెట్టే పద్ధతి హిందూ ధర్మశాస్త్రంలోది కాదు, ఇంగ్లండు నుంచి దిగుమతి అయింది, ఇష్టంలేని యువతి మీద, కాపురమే మొదలుకాని పెళ్ళిలో, దాన్ని ప్రయోగించలేనన్నాడు. అప్పీలులో ఆ తీర్పు నిలబడలేదు. 1887లో జస్టిస్ ఫారన్ నెలలోగా భర్త ఇంటికి వెళ్ళు, లేదంటే ఆరు నెలలు జైలు అన్నాడు. జైలుకే పోతానని రఖ్మాబాయి చెప్పారు.

అప్పటికే ఆమె 'ఎ హిందూ లేడీ' అన్న మారుపేరుతో టైమ్స్ ఆఫ్ ఇండియాకు బాల్యవివాహాల మీద, వితంతువుల బతుకు మీద లేఖలు రాశారు. తిలక్ ఆమెను పత్రికలో దుయ్యబట్టాడు. ఆంగ్లవిద్య వల్ల ఇదీ ఫలితం అనే వాదన అక్కడ ఊపందుకుంది. 1888లో రెండువేల రూపాయలిచ్చి దాదాజీతో రాజీ పడ్డారు. తర్వాత రఖ్మాబాయి లండన్ వెళ్ళి డాక్టరయ్యారు. సూరత్, రాజ్‌కోట్‌లలో దశాబ్దాలపాటు ఆసుపత్రులు నడిపారు. ఈ గొడవ ఇంకా చల్లారకముందే కలకత్తాలో ఫూల్మణి అనే పసిపిల్ల భర్త చేతిలో చనిపోయింది. ఆ రెండూ కలిసి 1891 నాటి సమ్మతి వయసు చట్టాన్ని తెచ్చాయి. వయసు పదేళ్ళ నుంచి పన్నెండేళ్ళకు పెరిగింది. అంతే.

రఖ్మాబాయి 1955 సెప్టెంబరులో చనిపోయారు. అదే ఏడు మే నెలలో హిందూ వివాహ చట్టం వచ్చింది. ఆమెను జైలు గుమ్మం దాకా తీసుకుపోయిన ఆ ఇంగ్లండు నియమం కొత్త చట్టంలో తొమ్మిదో సెక్షనుగా మళ్ళీ వచ్చి కూర్చుంది. దాన్ని కొట్టేసింది మన హైకోర్టే. 1983లో సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి, ఇది స్త్రీ దేహం మీద రాజ్యం పెత్తనం చేయడమేనని, రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పారు. మరుసటి ఏడే సుప్రీంకోర్టు ఆ తీర్పును కాదంది. ఇంగ్లండు తన నియమాన్ని 1970లోనే వదిలించుకుంది. మనం ఇంకా పట్టుకునే ఉన్నాం.

తెలుగునాట ఆ రోజుల్లో చర్చ వేరే దారిలో నడిచింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం చేయించిన సంగతి బడిపిల్లలకు కూడా తెలుసు. దానికి ఆధారమైన 1856 చట్టంలోని రెండో సెక్షను మాత్రం చాలామంది పెద్దలకు కూడా తెలియదు. మళ్ళీ పెళ్ళి చేసుకున్న వితంతువుకు చనిపోయిన భర్త ఆస్తి మీద ఉన్న హక్కు పోతుంది; చట్టం దృష్టిలో ఆమె ఆ ఇంటికి చనిపోయినట్టే. పెళ్ళి హక్కు ఒక చేత్తో ఇచ్చి ఆస్తి హక్కు మరో చేత్తో లాక్కోవడమన్నమాట. సంస్కర్తలు ఈ సెక్షను మీద పెద్దగా పోరాడిన జాడ లేదు. వాళ్ళ దృష్టంతా ఆమెకు తోడు, నీడ దొరకడం మీదే. ఆమె పేర పొలం నిలబడాలన్న ఆలోచన ఇంకా రాలేదు.

ఆడవాళ్ళే రాయడం మొదలుపెట్టాక స్వరం మారింది. భండారు అచ్చమాంబ 'అబలా సచ్చరిత్ర రత్నమాల'లో ఎందరో స్త్రీల జీవితాలు గుదిగుచ్చారు. ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టారు. ముప్ఫై ఏళ్ళకే 1905లో చనిపోయారు. ఆమె హక్కు అన్న మాటను నేరుగా అందుకోలేదు. చదువుకున్న స్త్రీ చెడిపోదని ఉదాహరణలతో నిరూపించడమే ఆమె పని. ఇప్పటి కళ్ళకు అది చిన్న వాదనలా కనిపించవచ్చు. కానీ ఆ నిరూపణ లేకుండా ఓటు మాటెత్తితే వినేవాళ్ళు ఉండేవారు కాదు.

ఇక ఓటు దగ్గరికి వద్దాం. మాంటేగ్ విన్నాడు, తలూపాడు. తర్వాత ఓటు నియమాలు తేల్చడానికి సౌత్‌బరో కమిటీ వచ్చింది. ఈ దేశపు ఆచారాలు ఒప్పుకోవు, ఘోషాలో ఉండే ఆడవాళ్ళు ఓటేయడానికి ఎలా వస్తారు, ఇది తొందరపాటు అని తేల్చేసింది. 1919లో సరోజినీ నాయుడు, అనీబిసెంటు లండన్‌లో పార్లమెంటు సంయుక్త కమిటీ ముందు వాదించారు. బొంబాయి నుంచి హీరాబాయి టాటా, కూతురు మిఠన్‌తో కలిసి అదే పని మీద వెళ్ళారు. ఆ కూతురే తర్వాత బారిస్టరై బొంబాయి హైకోర్టులో వాదించిన తొలి మహిళల్లో ఒకరయ్యారు. పార్లమెంటు ఒక తెలివైన మెలిక పెట్టింది: మేం ఇవ్వం, మీ శాసనమండళ్ళు కావాలంటే ఇచ్చుకోవచ్చు అంది. భారతీయులు ఎలాగూ ఇవ్వరని వాళ్ళ ధీమా కావచ్చు.

మద్రాసు 1921లో ఇచ్చేసింది. బొంబాయి అదే ఏడు ఇచ్చింది. బెంగాల్ మాత్రం 1921లో తిరస్కరించింది. కవయిత్రి కామినీ రాయ్ వంటివారు మళ్ళీ తిరిగి 1925లో సాధించారు. పంజాబు 1926లో, బీహారు ఒరిస్సాలు 1929లో ఒప్పుకున్నాయి. బ్రిటన్‌లో స్త్రీలు దశాబ్దాలు వీధిపోరాటాలు చేసి, జైళ్ళకెళ్ళి, నిరాహారదీక్షలు పట్టి సాధించుకున్న ఓటు ఇక్కడ తీర్మానాల మీద వచ్చేసింది. మనవాళ్ళు అంత ఉదారులా? నేనలా అనుకోను. అప్పటి ఓటు శిస్తు కట్టేవాళ్ళది, ఆస్తి ఉన్నవాళ్ళది. ఆడవాళ్ళ పేర ఆస్తి ఎంత? వయోజన స్త్రీలలో నూటికి ఒకరి కన్నా ఎక్కువమందికి ఆ ఓటు చేరలేదు. ఓటిస్తే ఏ ఇంటి పొలం గట్టూ జరగదు. పైగా మేం మీకన్నా ముందున్నామని ఇంగ్లీషువాడికి చెప్పుకోవచ్చు. 1935 భారత ప్రభుత్వ చట్టం ఆ ఓటును దాదాపు అరవై లక్షలమందికి పెంచింది. అదెలా? చదువొచ్చినవారికి, ఆస్తిగల ఓటరు భార్యకు, వితంతువుకు ఇవ్వడం ద్వారా. అంటే చాలామందికి ఓటు కూడా మొగుడి పట్టా మీదుగానే వచ్చింది.

ఇదంతా బ్రిటిషు పాలనలోని ఆంధ్ర జిల్లాల మాట. తెలంగాణ నైజాం రాజ్యంలో ఉంది. మద్రాసు తీర్మానం అక్కడ వర్తించదు, బాల్యవివాహాలను అడ్డుకునే శారదా చట్టమూ వర్తించదు. హైదరాబాదులో సుగ్రా హుమాయూన్ మీర్జా ఉర్దూలో 'అన్‌నిసా' పత్రిక నడిపారు, ఆడపిల్లలకు సఫ్దరియా బడి పెట్టారు. అక్కడి పనంతా ఇలా చదువు చుట్టూ సాగింది. తెలంగాణ స్త్రీలు 1951-52 సాధారణ ఎన్నికల్లోనే మొదటిసారి వయోజనులుగా ఓటేశారు. తెలుగు స్త్రీల ఓటు చరిత్ర అని ఒక్క గాటన రాసే పుస్తకాలు ఈ ముప్ఫై ఏళ్ళ తేడాను మింగేస్తుంటాయి.

ఓటు వచ్చాక సీటు. 1926లో కమలాదేవి చటోపాధ్యాయ మంగళూరు నుంచి మద్రాసు శాసనమండలికి పోటీచేసి కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయారు. అదే సమయంలో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డిని ప్రభుత్వం నామినేట్ చేసింది. సభ ఆమెను ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకుంది. గుళ్ళకు ఆడపిల్లలను దేవదాసీలుగా అంకితమివ్వడాన్ని ఆపాలని ఆమె పట్టుబట్టారు. ఆమె తల్లి ఆ సమాజంలో పుట్టినదే. 1929లో వచ్చిన చట్ట సవరణతో దేవదాసీల మాన్యాలు గుడి సేవ బాధ్యత నుంచి విముక్తమై వాళ్ళ పేరన నిలిచాయి. 1930లో గాంధీ అరెస్టుకు నిరసనగా ఆమె పదవి వదిలేశారు. అంకితాన్ని పూర్తిగా నిషేధించే చట్టం 1947లో గానీ రాలేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మద్రాసులోని దేవదాసీల సంఘం ఈ సంస్కరణకు అభ్యంతరం చెప్పింది. బెంగుళూరు నాగరత్నమ్మ వారి పక్షాన నిలిచారు. కవయిత్రి ముద్దుపళని కావ్యం 'రాధికా సాంత్వనము'ను అచ్చువేయించి, ఆ పుస్తకం నిషేధానికి గురవడం చూసిన నాగరత్నమ్మే. వాళ్ళ వాదన కొట్టిపారేసేది కాదు: చాలా హిందూ కుటుంబాల్లో లేని విధంగా ఆస్తి తల్లి నుంచి కూతురికి వెళ్ళేదీ, స్త్రీ తన పేర ఆడపిల్లను దత్తత తీసుకోగలిగేదీ దేవదాసీల ఇళ్ళలో. ఆ ఇళ్ళలో దోపిడీ లేదని ఎవరూ అనలేరు. పసిపిల్లలను అంకితమివ్వడం ఆపాల్సిందే. కానీ ఎవరి కోసం చట్టం తెస్తున్నారో వాళ్ళ అర్జీని సంస్కర్తలు చెవికెక్కించుకోలేదన్నది కూడా నిజం. తర్వాత రాజ్యాంగసభలో కూర్చున్న దుర్గాబాయి దీనికి భిన్నంగా నడిచారు. 1921లో గాంధీ కాకినాడ వచ్చినప్పుడు, పన్నెండేళ్ళ దుర్గాబాయి దేవదాసీలకూ ఘోషా స్త్రీలకూ ఆయన్ను చూపించాలని పట్టుబట్టారు. అందుకు నిర్వాహకులు అడిగిన ఐదువేల రూపాయలు దేవదాసీలే పోగుచేసి ఇచ్చారు. అక్కడ వాళ్ళు ఉద్ధరించబడే దీనులుగా రాలేదు, సొమ్ము తెచ్చిన మనుషులుగా వచ్చారు.

బాల్యవివాహాల మాటకొస్తే, 1929లో వచ్చిన శారదా చట్టం పెళ్ళి వయసును అమ్మాయికి పద్నాలుగు, అబ్బాయికి పద్దెనిమిదిగా పెట్టింది. అమలు తేదీ 1930 ఏప్రిల్ 1. మధ్యలో ఆరు నెలలు దొరికాయి కదా, ఆ ఆరు నెలల్లో దేశమంతటా పసిపిల్లల పెళ్ళిళ్ళు పోటెత్తాయి. తర్వాత మన గోదావరి జిల్లాలవాళ్ళకు ఇంకో ఉపాయం తోచింది. యానాం ఫ్రెంచివాళ్ళది, ఆ చట్టం అక్కడికి రాదు. పెళ్ళిబృందాలు అటు బండ్లు కట్టాయి. ఆ ఊరికి కల్యాణపురమని పేరే వచ్చింది. చట్టం కూడా మెతకగానే ఉంది: నేరానికి శిక్ష నెల వరకు జైలు, వెయ్యి వరకు జరిమానా, పెళ్ళి మాత్రం చెల్లుతుంది. ఫిర్యాదు ఇచ్చేవాడు వంద రూపాయల వరకు పూచీకత్తు రాయాలి. ఊళ్ళో అన్నదమ్ముల మీద వంద రూపాయలు పణంగా పెట్టి కోర్టుకెళ్ళే మొనగాడెవడు? అయినా ఈ చట్టం వృథా అనను. 'గృహలక్ష్మి' పత్రికలో కనుపర్తి వరలక్ష్మమ్మ 'శారద లేఖలు' పేరుతో స్నేహితురాలికి ఉత్తరాలు రాస్తున్నట్టు రాసేవారు. శారదా చట్టం, విడాకులు, ఖద్దరు అన్నీ అందులో వచ్చేవి. వంటింట్లో చదువుకునేవాళ్ళ దగ్గరికి శాసనసభ చర్చ చేరింది అలా. చట్టం పోలీసుల చేత కన్నా ఇలాంటి ఉత్తరాల చేత ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం.

న్యాయస్థానం గుమ్మం దగ్గరా పెద్ద తగాదానే జరిగింది. ఆక్స్‌ఫర్డులో న్యాయశాస్త్రం చదివి 1892లో పరీక్ష రాసిన కొర్నీలియా సొరాబ్జీకి వకీలుగా నిలబడే అర్హత దొరకడానికి దాదాపు ముప్ఫై ఏళ్ళు పట్టింది. 1916లో కలకత్తా హైకోర్టు రెజీనా గుహను, 1921లో పాట్నా హైకోర్టు సుధాంశుబాలా హజ్రాను స్త్రీలన్న ఒక్క కారణంతో తిప్పి పంపాయి. అలహాబాదు హైకోర్టు 1921లో సొరాబ్జీని చేర్చుకుంది. 1923 చట్టంతో ఆ అడ్డు తొలగింది. చిత్రమేమిటంటే ఇంత చేసిన సొరాబ్జీ జాతీయోద్యమాన్ని వ్యతిరేకించారు. మార్గదర్శకులందరూ ఒకే జెండా కింద నడిచారనుకోవడం మన కోరిక మాత్రమే.

ఇక అసలు చిక్కుముడి, ఆస్తి. 1937లో జి.వి. దేశ్‌ముఖ్ బిల్లు చట్టమై హిందూ వితంతువుకు భర్త ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. అదీ బతికున్నన్నాళ్ళే, అమ్ముకునే హక్కు లేదు. కూతురి ఊసే లేదు. నాలుగేళ్ళకు ఫెడరల్ కోర్టు దీనికి మరో కత్తెర వేసింది: వ్యవసాయ భూమి రాష్ట్రాల పరిధిలోది కాబట్టి ఆ చట్టం పొలాలకు వర్తించదంది. ఆలోచించండి, ఆనాటి తెలుగు కుటుంబానికి పొలం కాక వేరే ఆస్తేముంది? మద్రాసు ప్రభుత్వం 1947లో చట్టం చేసి పొలానికి కూడా వర్తింపజేసేదాకా, ఆంధ్ర జిల్లాల రైతు కుటుంబాల్లో వితంతువుకు ఆ హక్కు కాగితం మీది ముచ్చటే.

రాజ్యాంగసభలో పదిహేనుమంది స్త్రీలున్నారు. మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి వారిలో ఒకరు. ఎనిమిదో ఏట పెళ్ళయి, ఊహ తెలిశాక ఆ బంధం వద్దనుకుని, 1942లో మద్రాసులో లా పట్టా తీసుకున్నారు. హంసా మెహతా, రేణుకా రే, దాక్షాయణి వేలాయుధన్ ఆమె సహచరులు. అందరికీ ఓటు అన్న నియమం ఆ సభలో పెద్ద గొడవ లేకుండా గట్టెక్కింది. హిందూ కోడ్ బిల్లు మాత్రం సభను చీల్చింది. అంబేద్కర్ బిల్లులో విడాకులు, ఏకపత్నీత్వం, కూతురికి వాటా ఉన్నాయి. మొదటి రెంటి మీద శాస్త్రాల పేరుతో వాదించినవాళ్ళు మూడోదాని దగ్గరకొచ్చేసరికి శాస్త్రం పక్కన పెట్టి పొలాలు ముక్కలవుతాయని, అల్లుళ్ళు వచ్చి కూర్చుంటారని అన్నారు. 1951 సెప్టెంబరులో బిల్లు పక్కకు పోయింది, అంబేద్కర్ రాజీనామా ఇచ్చారు. ఆ తర్వాతి సాధారణ ఎన్నికలకు ఓటర్ల జాబితా తయారుచేస్తుంటే చాలామంది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి అనే రాయించారు. ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ దాదాపు 28 లక్షల అలాంటి పేర్లు కొట్టేయించారు. ఓటు చేతికొచ్చింది, పేరు ఇంకా రాలేదు.

కోడ్ బిల్లును ముక్కలు చేసి తెచ్చిన చట్టాల్లో హిందూ వారసత్వ చట్టం 1956లో వచ్చింది. తండ్రి స్వార్జితంలో కూతురికి వాటా దొరికింది, వితంతువు పరిమిత హక్కు పూర్తి హక్కయింది. ఉమ్మడి పిత్రార్జితంలో మాత్రం పుట్టుకతో వచ్చే హక్కు మగపిల్లలకే మిగిలింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి ఆ గోడ కూల్చింది, అదీ అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకే. దేశమంతటికీ, పెళ్ళయినవారితో సహా, వర్తించే సవరణ 2005లో వచ్చింది. తండ్రి ఆ సవరణ నాటికి బతికి ఉన్నా లేకపోయినా కూతురికి హక్కుంటుందని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. 1937 నుంచి లెక్కేస్తే ఎనభై మూడేళ్ళు.

సీట్ల కేటాయింపు విషయం కూడా ఒక మాట. 1930లలో మూడు పెద్ద మహిళా సంఘాలు మాకు కేటాయింపులొద్దు, అందరికీ ఓటు చాలన్నాయి. రాజ్యాంగసభలోని స్త్రీలూ అదే అన్నారు. సమానంగా పోటీపడతామన్న ఆత్మగౌరవం అది, అర్థం చేసుకోదగిందే. కానీ తప్పు లెక్క అని చరిత్ర చెప్పింది. అంతటి దుర్గాబాయి 1952 ఎన్నికల్లో ఓడిపోయారు. 2023లో మూడోవంతు సీట్ల సవరణ చేసినప్పుడు కూడా దాన్ని జనగణనకు, నియోజకవర్గాల పునర్విభజనకు ముడిపెట్టారు. రాజకీయ హక్కు కూడా మగవాడి కుర్చీని కదిపే దగ్గరకొచ్చేసరికి ఆస్తి హక్కులాగే మొరాయించిందన్నమాట.

ఇప్పుడు చట్టంలో కూతురు, కొడుకు సమానమే. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో మాత్రం, తండ్రి పోయిన తర్వాత అన్నదమ్ములు తెచ్చిన హక్కు విడుదల పత్రం మీద అక్కచెల్లెళ్ళు పసుపు కుంకుమ పేరుతో ఇచ్చిన చీర, కొంత నగదు పుచ్చుకుని సంతకం చేసి వస్తున్నారు. మీ ఇంట్లో అలాంటి కాగితం సిద్ధమైతే, సంతకానికి ముందు ఆ భూమి సర్వే నంబరూ విలువా అడిగి తెలుసుకోండి. ఇష్టపడి వదులుకుంటే అది మీ నిర్ణయం. చదవకుండా మాత్రం సంతకం పెట్టకండి.